సీనియారిటీ ప్రకారం సమ్మతి

ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ బోర్లా పెట్టండి, పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి, వచ్చి ఇది పూర్తిగా వినండి. ఊరి పేరు మాత్రం అడగొద్దు. గోదావరి జిల్లాల్లో, సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఏడాదికోసారి తుప్పు పట్టే ఒక పట్నం అనుకోండి చాలు. ఆ పట్నంలో స్వేచ్ఛాలోచన పరిషత్తు అని ఒక సంస్థ ఉంది. రెండంతస్తుల భవనం, నలభై ఇద్దరు మేధావులు, మూత సరిగా పట్టని ఒక టీ ఫ్లాస్కు, ఒక సత్యవేణి. పరిషత్తు మొత్తం ఇదే.

సత్యవేణికి ముప్ఫై తొమ్మిదేళ్లు. పదకొండేళ్లుగా ఆఫీసు పని మొత్తం ఆవిడదే. ప్రకటనలు టైపు చేస్తుంది, సభ్యులకి ఫోన్లు చేస్తుంది, శాలువాలు మడతపెడుతుంది, మైకు కుయ్యిమంటే వెళ్లి దాని తల మీద ఒకటి కొడుతుంది. మేధావులు దేని గురించి ఆలోచిస్తారో ఆవిడకి మొదట్లో అర్థమయ్యేది కాదు గానీ, ఒక ఏడాది గడిచాక అర్థమైంది. వాళ్లు ఆలోచించేది ఒక్కదాని గురించే. సంతకాల వరుస.

పరిషత్తు ఏ ప్రకటన చేసినా కింద సంతకాలు వయసు ప్రకారం ఉండాలి. పెద్దవారు పైన, చిన్నవారు కింద. నదుల మీద ప్రకటన అయినా, యుద్ధాల మీద అయినా, బడి గంటల మీద అయినా, విషయం పది నిమిషాల్లో తేలిపోయేది, వరుస తేలడానికి మూడు వారాలు పట్టేది. ఎందుకంటే ఆ తరం వాళ్లని బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టర్లు ఎవరినీ ఏమీ అడక్కుండా జూలై ఒకటి అని రాసేశారు. పరిషత్తులో పంతొమ్మిది మంది ఒకే రోజున పుట్టినవాళ్లు. పైగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సర్టిఫికెట్ లెక్కన రెండేళ్లు చిన్నగా ఉండి, రిటైరైన మర్నాడు జాతకం లెక్కన నాలుగేళ్లు పెద్దవాళ్లైపోయారు. అందుకని సత్యవేణి దగ్గరున్న సభ్యుల రిజిస్టరులో పుట్టినతేదీకి మూడు గడులున్నాయి. సర్టిఫికెట్ ప్రకారం, జాతకం ప్రకారం, సభ్యుని వాదన ప్రకారం.

అధ్యక్షులు ఆచార్య గౌరీపతిగారు. ఆయన వాదన ప్రకారం ఆయనకి ఎనభై ఒకటి. ఉపాధ్యక్షులు సోమరాజుగారు. ఆయన వాదన ప్రకారం ఆయనకి గౌరీపతిగారికన్నా నలభై రోజులు ఎక్కువ. ఇరవై ఏళ్లుగా ఈ నలభై రోజుల మీద పరిషత్తు నడుస్తోంది.

ఇలా ఉండగా గౌరీపతిగారు ఒక ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం చదివారు. యాభై ఏళ్ల కిందట ఎక్కడో పడమటి దేశంలో పేరున్న మేధావులు కొందరు కలిసి, సమ్మతికి చట్టం వయసు హద్దు పెట్టడం తప్పని, చిన్నపిల్లల సమ్మతి కూడా సమ్మతేనని అర్జీల మీద సంతకాలు పెట్టారట. వాళ్లలో కొందరు తర్వాత సిగ్గుపడ్డారని ఆ వ్యాసం రెండో సగంలో ఉంది. రెండో సగం వెనక పేజీలో ఉంది. ఆ పేజీ మీద గౌరీపతిగారింట్లో నూనె పీలుస్తుందని మిరపకాయ బజ్జీలు వేశారు.

సోమవారం పొద్దున్నే కార్యవర్గం పిలిచారు. లోకం ఎక్కడికో వెళ్లిపోయిందనీ, మనం యాభై ఏళ్లు వెనకబడ్డామనీ, ఇక ఒక్క రోజు కూడా వెనకబడటానికి వీల్లేదనీ అన్నారు. మానవుని సమ్మతిని వాడి పుట్టినతేదీతో కొలిచే చట్టం అప్రజాస్వామికమని, వయోపరిమితులన్నీ తక్షణం ఎత్తివేయాలని ప్రకటన చెప్పి రాయించారు. ఎవరూ కాదనలేదు. ఒక పెద్దాయన మాత్రం లేచి, సంతకాలు ఎప్పటిలాగే సీనియారిటీ ప్రకారమేనా అని అడిగారు. ఎప్పటిలాగే అన్నారు అధ్యక్షులు. పెద్దాయన తృప్తిగా కూచున్నారు.

సత్యవేణి దాన్ని టైపు చేస్తూ మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

ఆగిపోవడానికి ఆవిడకి కారణముంది. ఆవిడ అక్క కూతురు పావని తొమ్మిదో తరగతి చదువుతోంది. పద్నాలుగేళ్లు. పావని నాన్న గోవిందు, బుల్లబ్బాయనే రొయ్యల చెరువుల ఆసామి దగ్గర పని చేస్తాడు. బుల్లబ్బాయికి ముప్ఫై ఆరేళ్లు, ఇదివరకే ఒక పెళ్లయింది. ఆయన పావనిని చేసుకుంటానన్నాడు, గోవిందు కాదనలేకపోయాడు, ముహూర్తం పెట్టేశారు. సత్యవేణి అక్కతో గొడవపడి, బావతో మాటలు మానేసి, బాల్యవివాహాలు ఆపే అధికారి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు ఇచ్చి, తాత్కాలికంగా ఆపించింది. పిల్లని తనింటికి తెచ్చేసుకుంది. తుది ఉత్తర్వు రావాలి. రాకపోతే తాత్కాలికం గడువు నాలుగు వారాల తర్వాతి సోమవారం సాయంత్రం ఐదింటితో అయిపోతుంది. ఆ బుధవారానికే ఇంకో ముహూర్తం సిద్ధంగా ఉంది.

అందుకని ఆవిడ టైపు చేసిన కాగితం పట్టుకుని అధ్యక్షుల గదిలోకి వెళ్లింది. సంగతంతా చెప్పింది. ఇది బయటికెళ్తే ఎవడు ఎలా వాడుకుంటాడో ఆలోచించండి మాస్టారూ అంది.

గౌరీపతిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సత్యవేణీ, నువ్వు చెప్పేది కుటుంబ స్థాయి. మేం మాట్లాడేది సిద్ధాంత స్థాయి. ఈ రెండూ ఎక్కడా కలవవు."

"మా పిల్ల దగ్గర కలుస్తున్నాయండి."

"నువ్వు టైపు చెయ్యమ్మా. అక్షరదోషాలు చూసుకో. సోమరాజు పేరు నా పేరుకి కిందనే ఉండాలి."

ఈసారి వరుస రికార్డు వేగంతో పదిహేను రోజుల్లో తేలింది. గౌరీపతి, సోమరాజు పేర్లు ఒకే గీత మీద పక్కపక్కన వేశారు, ఎడమవైపు ఎవరన్నది చీటీ వేసి తేల్చారు. ప్రకటన ఆదివారం పత్రికలో వచ్చింది. నలభై ఇద్దరూ పేపరు తెప్పించుకుని, తమ పేరు ఎన్నోదో వేలితో లెక్కపెట్టుకున్నారు. పైనున్న విషయం ఎవరికీ అడ్డం రాలేదు.

చదివినవాడు ఒక్కడే. బుల్లబ్బాయి. ఆయన జన్మలో మేధావుల మాట విన్నవాడు కాదు, ఆదివారం మాత్రం రెండుసార్లు చదివాడు. మంగళవారం ఆ పేపరు ముక్కకి లామినేషన్ చేయించి, ప్లీడరు చేత అధికారికి ఇప్పించాడు.

అధికారి పేరు పరంజ్యోతి. మంచి మనిషి, నెమ్మదస్తుడు, ప్రతి మాటకీ ముందు ఫైలు మీద ఒకసారి చెయ్యి వేస్తాడు. సత్యవేణి వెళ్లేసరికి ఆ లామినేషన్ ముక్క ఫైల్లో మెరుస్తోంది.

"చట్టం ఉందమ్మా. చట్టాన్ని నేను కాదనను," అన్నాడాయన. "అయితే మేధావి వర్గపు అభిప్రాయం ఫైల్లో చేరింది. చేరిన అభిప్రాయాన్ని పరిశీలించకుండా ఉత్తర్వు ఇస్తే, ఎందుకు పరిశీలించలేదని పైనుంచి రాస్తారు. పరిశీలించడానికి మేధావుల సంఘం వెయ్యాలి. మన దగ్గర నమోదైన మేధావుల సంఘం ఒక్కటే ఉంది."

అదేదని సత్యవేణి అడగలేదు.

పోనీ ఏం చెయ్యమంటారండి అంటే, అభిప్రాయం ఇచ్చినవారే ఉపసంహరించుకుంటే తనకి మార్గం సుగమం అవుతుందన్నాడు. సోమవారం ఐదులోపు. అందరి సంతకాలతో. ఆ వరుసలోనే.

గురువారం సత్యవేణి మళ్లీ అధ్యక్షుల దగ్గరికెళ్లింది. ఈసారి గౌరీపతిగారు ఆలోచించారు. ఆలోచించి, అసలు ఇంతవరకూ బాలిక గళాన్ని ఎవరూ వినలేదు కదా, అదే పెద్ద అన్యాయం అన్నారు. ఆ మధ్యాహ్నమే పావనిని పరిషత్తుకి పిలిపించారు. బాలిక గళం అనే పేరుతో చిన్న గోష్ఠి. పిల్ల బడి యూనిఫాంలో, ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని మధ్య కుర్చీలో కూచుంది. గళం ప్రాముఖ్యం గురించి అధ్యక్షులు నలభై నిమిషాలు మాట్లాడారు. గళాన్ని నొక్కేసే వ్యవస్థల గురించి సోమరాజుగారు నలభై ఐదు నిమిషాలు మాట్లాడారు, ఎందుకంటే ఆయన నలభై రోజులు పెద్ద. మధ్యలో టీ ఇచ్చారు. పావని రెండుసార్లు చెయ్యెత్తింది. మంచినీళ్లు కావాలేమోనని ఎవరో గ్లాసు తెచ్చి పెట్టారు.

చివరికి గౌరీపతిగారే వంగి, పెళ్లి సంగతి మీ నాన్న అడిగినప్పుడు నువ్వు ఏమన్నావమ్మా అని మెత్తగా అడిగారు. సరేనన్నానండి అంది పావని. గదంతా ఒక్కసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. చూశారా, సమ్మతి, అన్నట్టు సోమరాజుగారు రెండు చేతులూ విప్పారు. కార్యదర్శి రాసుకోబోయాడు.

"నాన్న అడిగితే సరేనన్నానండి," అని పావని నెమ్మదిగా చెప్పింది. "ఇందాక మీరు టీ తాగుతావా అంటే కూడా సరేనన్నాను. నాకు టీ పడదండి."

అందరూ ఆ పిల్ల ముందున్న కప్పు వైపు చూశారు. ఖాళీగా ఉంది. తాగేసింది.

కార్యదర్శి పెన్ను కింద పెట్టేశాడు. అది చూసి సత్యవేణికి గొప్ప ఆశ కలిగింది. అప్పుడు గౌరీపతిగారు గొంతు సవరించుకుని, ఇది చాలా సంక్లిష్టమైన వ్యక్తీకరణ అనీ, దీని మీద వేసవిలో ఒక ప్రత్యేక సంచిక తేవాలనీ అన్నారు. ప్రత్యేక సంచికలో వ్యాసాల వరుస ఎలా అని ఎవరో అడిగారు. సత్యవేణి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

మెట్లు దిగుతుంటే పావని, "పిన్నీ, నేను తప్పు చెప్పానా?" అంది.

"లేదమ్మా. నువ్వొక్కదానివే సరిగ్గా చెప్పావు."

"మరి వాళ్లకి అర్థం కాలేదేంటి?"

"వాళ్లకి వాళ్ల సంగతైతే తప్ప అర్థం కాదే," అంది సత్యవేణి. అని, మెట్ల మీదే ఆగిపోయింది. ఆవిడ మాట ఆవిడకే వినపడింది.

శుక్రవారం పొద్దున్న పరిషత్తు నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. వయసు దేనికీ కొలబద్ద కాదని పరిషత్తు ఏకగ్రీవంగా ప్రకటించినందున, ఆ ప్రకటనను ముందుగా పరిషత్తులోనే అమలుచేయడం మన నైతిక బాధ్యత గనుక, సభ్యుల రిజిస్టరులో పుట్టినతేదీ గడులు మూడూ కొట్టివేయబడినవి. ఎనభై నిండినవారికి ఏటా చేసే సన్మానం రద్దు. వేదిక మీద మొదటి కుర్చీ ముందు వచ్చినవారిది. ఇకపై సంతకాలన్నీ పేర్ల అక్షరక్రమంలో. దీని మీద అభ్యంతరాలుంటే శనివారం సర్వసభ్య సమావేశంలో చెప్పవచ్చును. ఇట్లు, ఆఫీసు.

అక్షరక్రమంలో మొదటి పేరు అంబరీషు. ముప్ఫై ఒక్కేళ్లవాడు, కిందటి దసరాకే సభ్యుడయ్యాడు, ఇప్పటిదాకా అతని పేరు ఎప్పుడూ పేజీ అడుగున, పత్రికవాళ్లు కత్తిరించేసే చోట ఉండేది. అతను శనివారం తెల్లారి ఆరింటికే వచ్చి మొదటి కుర్చీలో కూచున్నాడు.

పరిషత్తు చరిత్రలో నలభై ఇద్దరూ సమయానికి వచ్చిన సమావేశం అదొక్కటే. చేతుల్లో కాగితాలతో వచ్చారు. జాతక చక్రాలు, ఎస్సెల్సీ పుస్తకాలు, మంత్రసాని చెప్పిందని పెదనాన్న డైరీలో రాసుకున్న పేజీ. ఒకాయన తనకన్నా చిన్న తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, వీడే ఇంత ముసలాడైతే నేనెంతో చూడండి అన్నాడు. సోమరాజుగారు తను పుట్టిన ఏడు వచ్చిన తుఫాను మీద ప్రమాణం చేశారు. సత్యవేణి మినిట్స్ పుస్తకం తెరిచి, ఎవరేమన్నా రాసుకుంటూ కూచుంది.

అంబరీషు లేచి, వయసు అనేది అంకె మాత్రమే కదా, మనమే కదా అన్నాం, అన్నాడు.

గౌరీపతిగారు విసురుగా లేచి నిలబడ్డారు. "అంకె మాత్రమేనా? వయసంటే అంకె అనుకున్నావా నువ్వు? వయసంటే వివేకం. మీసం మొలవని రోజుల్లో మనిషి దేనికి తలూపుతున్నాడో వాడికే తెలీదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా మావయ్య ఏది చెబితే దానికి ఊ కొట్టాను. అది ఊ కొట్టడం అంతే, ఒప్పుకోవడం కాదు. ఒప్పుకోవడానికి ఏళ్లు రావాలి."

సోమరాజుగారు బల్ల చరిచారు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయన గౌరీపతిగారితో ఏకీభవించారు. "నిజం. పసితనంలో అవునంటే అవునని కాదు. ఎదుటివాడు పెద్దవాడని అర్థం. అంతే."

హాలంతా చప్పట్లు. పెద్దవాళ్లు ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. కొందరికి కళ్లు చెమర్చాయి.

"ఇదంతా తీర్మానంగా రాయమంటారాండి?" అని అడిగింది సత్యవేణి.

"అక్షరం వదలకుండా రాయి," అన్నారు గౌరీపతిగారు.

ఆవిడ అక్కడికక్కడే టైపు చేసింది. వయసు రానిదే వివేకం రాదు, వివేకం లేనిదే సమ్మతి లేదు, పసివారు తలూపడం సమ్మతి కాజాలదు, ఇది పరిషత్తు ఏకగ్రీవ అభిప్రాయం. ఇవన్నీ వాళ్ల మాటలే. వయసు గడులు, సన్మానం, కుర్చీ, సంతకాల వరుస యథాతథంగా పునరుద్ధరించడమైనది. ఇదీ వాళ్లు అడిగిందే. ఆ తర్వాత ఆవిడ వేళ్లు కాసేపు గాల్లో ఆగాయి. తర్వాత ఇంకో వాక్యం కొట్టాయి. అందుచేత దీనికి విరుద్ధంగా గత ఆదివారం వెలువడిన ప్రకటన పూర్తిగా ఉపసంహరించుకోబడినది. ఆ వాక్యం ఆవిడది.

కాగితం బల్ల మీద పెట్టి పైకి చదవడం మొదలెట్టింది. రెండో వాక్యానికే సంతకాల వరుస మీద గొడవ లేచింది. నలభై రోజుల సంగతి మళ్లీ వచ్చింది, తుఫాను మళ్లీ వచ్చింది. ఆఖరి వాక్యం కూడా చదవనా అండి అని ఆవిడ గట్టిగానే అడిగింది. గౌరీపతిగారు చెయ్యి ఊపేసి, ముందు నా పేరు ఎన్నోదో చూపించు అన్నారు. ఒకటో నంబరు అని చూపించింది. సంతకం పెట్టారు. సోమరాజుగారికి అదే గీత మీద, పక్కన చూపించింది. ఆయనా పెట్టారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తమ పైన ఎవరున్నారో కింద ఎవరున్నారో చూసుకుని పెట్టేశారు. అంబరీషు అన్నిటికన్నా కింద, మార్జిను బయట పెట్టాడు. అతను మాత్రం కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. చదివి, సత్యవేణి మొహంలోకి ఒకసారి చూసి, పెన్ను మూత పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం సత్యవేణి పావనిని బడి నుంచి తీసుకుని అధికారి ఆఫీసుకెళ్లింది. పరంజ్యోతిగారు లేరు, మీటింగులో ఉన్నారు. నాలుగున్నరకి వచ్చారు. కాగితం తీసుకుని నెమ్మదిగా, ఒక్కో సంతకం పాతదానితో పోల్చి చూసుకున్నారు. నలభై రెండూ సరిపోయాయి. వరుస కూడా సరిపోయింది. ఆయన మొహం విప్పారింది. తుది ఉత్తర్వు టైపై సిద్ధంగానే ఉందమ్మా అని సొరుగులోంచి తీశారు. సంతకం పెట్టబోయి ఆగారు.

"ఒక్క చిన్న లాంఛనం. వీరిలో చాలామంది వయోవృద్ధులు కదా. రేపు ఎవరైనా వచ్చి, మాకు తెలియకుండా పెట్టించారంటే నేను ఇరుక్కుంటాను. ఇందులోని ప్రతి వాక్యాన్నీ చదివి, అర్థం చేసుకుని, మనస్ఫూర్తిగా సమ్మతించి సంతకాలు చేశారని, ఆఫీసు బాధ్యురాలిగా మీరు నాలుగు ముక్కలు రాసివ్వండి."

మొదటి ప్రకటనకి ఇలా ఎవరినైనా అడిగారాండి అంది సత్యవేణి. అది పత్రికలో వచ్చిందమ్మా, పత్రికలో వచ్చినదానికి లాంఛనం అక్కర్లేదు అన్నారాయన. చదవలేదని రాస్తే ఏమవుతుందండి అంది. ఈ కాగితం పోతుంది, ఆ ప్రకటన ఉంటుంది అన్నారు, ఏ కల్మషం లేకుండా. తెల్లకాగితం ఒకటి ఆవిడ ముందుకి జరిపి, తన పెన్నే ఇచ్చారు.

నాలుగూ నలభై ఎనిమిది. గుమాస్తా కిటికీలు వేసేస్తున్నాడు. బయట వరండాలో బల్ల మీద పావని లెక్కలు చేసుకుంటోంది. గేటు అవతల బుల్లబ్బాయి కారు ఆగి ఉంది, ముందు సీట్లో గోవిందు తల దించుకుని కూచున్నాడు. అక్క ఇంటి ముందు పందిరి రాటలు దిగాయని పొద్దున్నే ఫోనొచ్చింది. సత్యవేణి పదకొండేళ్లలో ఎన్నో ప్రకటనలు టైపు చేసింది గానీ, కింద తన సంతకంతో ఒక్క వాక్యం కూడా ఎప్పుడూ రాయలేదు. ఆ నలభై ఇద్దరిలో చదివినవాడు ఒక్కడని ఆవిడకి తెలుసు. కాగితంలో పై వాక్యాలన్నీ వాళ్లు నోటితో అన్నవేననీ తెలుసు. ఆఖరి వాక్యం ఎవరిదో కూడా తెలుసు.

పెన్ను మూత తీసింది. పరంజ్యోతిగారు గడియారం వైపు, తర్వాత ఆవిడ వైపు చూశారు.

ఆ తెల్లకాగితం మీ ముందుంటే మీరేం రాస్తారు?